ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట అడగండి

కంప్యూటర్లు బాగుచేసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను కలుస్తుంటారు. ఏ కోర్సు చేయాలి, ఏ సర్టిఫికెట్ ఉంటే జీతం పెరుగుతుంది అని అడుగుతారు. కంప్యూటర్ తెచ్చిన మనిషిని ముందు ఏమడగాలి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను, ఎవరికైనా గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి.

నాది వికారాబాద్. పేరు విఠల్. మొన్నమొన్నటిదాకా ఉద్యోగం మాత్రం తాండూరులో, ఒక సేటు నడిపే కంప్యూటర్ల దుకాణంలో. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు తిరిగి రావడంలోనే నా జుట్టు తెల్లబడింది. దుకాణం పేరు చెప్పను. అక్కడ జరిగింది ఏ ఊరి దుకాణంలోనైనా జరుగుతున్నదే.

కుల్కచర్ల దగ్గరి ఒక పల్లెలో బాలమణి అనే అమ్మాయి ఉంది. గొర్రెలు కాసుకునే కుటుంబం. ఆమె తండ్రి ఎల్లయ్య డోలు దరువు మీద ఒగ్గు కథ పాడి చెప్పడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. గొంతులో గడ్డ లేచి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ఆయన గొంతు వాళ్ళింటి పాత కంప్యూటర్లో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు. ఆ కంప్యూటర్‌కు మా వృత్తివాళ్ళు ఏం చేశారో చెప్పాలి. దానికి ముందు మా వృత్తి ఎట్లాంటిదో కొంచెం తెలియాలి.

బండల ఊళ్ళో మా పని

తాండూరులో బండలు కోసి పాలిష్ పట్టే మిషన్లు పొద్దస్తమానం తిరుగుతుంటాయి. ఆ తెల్లటి పొడి ఇళ్ళలోకి, అన్నంలోకి, కంప్యూటర్లలోకి వస్తుంది. పెట్టె మూత తీస్తే లోపల ఫ్యాన్ కనపడేది కాదు, పొడి ముద్ద కనపడేది. బ్రష్షుతో దులిపి, బ్లోయర్ పెట్టి ఊదితే సగం కంప్యూటర్లు లేచి కూర్చునేవి. ఇది నిజమైన పని. దీనికి ఓపిక కావాలి, ముక్కుకు గుడ్డ కావాలి.

కానీ దుకాణాల్లో జరిగేది అది కాదు. కంప్యూటర్ నెమ్మదైందా, ఫార్మాట్ కొట్టు. వైరస్ వచ్చిందా, ఫార్మాట్ కొట్టు. ప్రింటర్ పలకడం లేదా, దానికీ ఫార్మాటే. ఫార్మాట్ అంటే లోపలున్నదంతా ఊడ్చేసి విండోస్ మళ్ళీ కొత్తగా ఎక్కించడం. ఆ ఎక్కించేది కూడా కొన్నది కాదు, దొంగ కాపీ. ఆ దొంగ కాపీతోనే కొత్త వైరస్ వస్తుంది, దానికి మళ్ళీ ఫార్మాట్. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మా దుకాణాల ముందు బోర్డు మీద రాసి పెట్టాలి.

ఇందులో ఒక కట్టుబాటు ఉంది. కంప్యూటర్ డిస్కును రెండు భాగాలు చేసి సి, డి అని పేర్లు పెడతారు. విండోస్ సిలో ఉంటుంది. ఊడ్చేవాళ్ళు సిని మాత్రమే ఊడ్చి, డిని ముట్టుకోరు. అందుకని మా ఊళ్ళలో పెళ్ళి ఫోటోలైనా, పొలం కాగితాలైనా "డిల పెట్టిన, ఫికర్ లేదు" అనుకుని హాయిగా పడుకుంటారు. కంప్యూటర్ తెచ్చినవాళ్ళను మేము ఏమీ అడగకపోవడానికి కారణం ఈ నమ్మకమే. అడగనక్కర్లేదు కదా, డి ఉంది కదా! ఇంకో మర్యాద కూడా ఉంది. ఫార్మాట్ అయ్యాక, ఖాళీగా ఉన్న చోటంతా కొత్త సినిమాలు నింపి ఇస్తారు. అవీ దొంగవే. ఇంటికి వచ్చిన ఆడపడుచుకు ఒడిబియ్యం పోసినంత సంబరంగా పోస్తారు.

మా సేటు చెడ్డవాడని నేననను. వాళ్ళది కందుల వ్యాపారం. కాటా దగ్గర గింజ అటూ ఇటూ కానివ్వడు. రైతు ఎదురుగా నిలబడితేనే సంచి విప్పనిస్తాడు. అదే మనిషి కంప్యూటర్ల దుకాణంలోకి వచ్చేసరికి ఇంకొకడి పెట్టెను వాడు లేనప్పుడు విప్పి, ఊడ్చి, నింపడం మామూలే అనుకున్నాడు. నేను చాలాసార్లు గొడవపడ్డాను.

"సేటూ, కందుల సంచిలో ఏమున్నదో చూడకుండ పారబోస్తవా?"

"అది సరుకు విఠల్. గిది కంప్యూటర్. గిండ్ల ఏముంటది?"

ఏముంటుందని ఆయన నిజంగానే అడిగాడు. ఆ మాట నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిస్తుంది.

ఇంట్లో ప్రయోగం

ఈ దొంగ కాపీల గోల భరించలేకనే నేను లినక్స్ వైపు చూశాను. లినక్స్ కూడా విండోస్ లాగా కంప్యూటర్‌ను నడిపించేదే. తేడా ఏమిటంటే దాన్ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. అది దొంగతనం కాదు, చేసినవాళ్ళే అలా ఇచ్చారు. అందులో చాలా రకాలున్నాయి. పాత పెట్టెల కోసం తేలికైనవి, కొత్తవాటి కోసం బరువైనవి. ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. లోపలి డిస్కును ముట్టుకోనవసరం లేదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే పాతది ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఇంత మర్యాద ఉన్న సాధనం మా వృత్తిలో ఇంకోటి లేదు.

మొదట మా ఇంటి కంప్యూటర్ మీదే చూశాను. మా ఆవిడ సుశీల అప్పట్లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. ప్రశ్నపత్రాలన్నీ ఇంట్లోనే టైపు చేసేది. నేను ఉత్సాహంగా పెన్‌డ్రైవ్ పెట్టి, తెరంతా రంగులు వచ్చాక ఆమెను పిలిచాను. ఆమె కుర్చీలో కూర్చుని నేరుగా తన ప్రశ్నపత్రం తెరిచింది. తెలుగు ఒక్క అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలిసి జాతర చేస్తున్నాయి. ఆమె టైపు చేసేది పాత పద్ధతి తెలుగు, ఆ ఫాంట్లు విండోస్‌లోనే ఉండేవి.

"ఎల్లుండి పరీక్ష. గిది ఇస్తే పిల్లలు పాసవుతరా, హెడ్మాస్టరు పాసవుతడా?" అంది.

పెన్‌డ్రైవ్ పీకేశాను. ప్రశ్నపత్రం మళ్ళీ తెలుగులోకి వచ్చింది. నేను డిస్కు ఊడ్చి ఎక్కించి ఉంటే ఆ ఇంట్లో నాకు అన్నం పుట్టేది కాదు. ఆ తర్వాత రెండూ ఒకే కంప్యూటర్లో పక్కపక్కన పెట్టాను. ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది. ఆమె కొత్త పద్ధతి తెలుగు టైపింగు నేర్చుకునేదాకా విండోస్‌లో పత్రాలు, లినక్స్‌లో పాటలు. ఎప్పుడు మారాలో ఆమే చెప్పింది, అప్పుడే మార్చాను.

అన్నీ సాఫీగా జరిగాయని అబద్ధం చెప్పను. ఒక ప్రింటర్ నాతో చాలాకాలం సత్యాగ్రహం చేసింది. ఒక ఇంట్లో వైఫై ససేమిరా పట్టలేదు. లెక్కల సాఫ్ట్‌వేర్ మీద బతికే వ్యాపారులకు నేనే వద్దన్నాను. ఉచితం కదా అని ఎవరి నెత్తిన పడితే వాళ్ళ నెత్తిన పెట్టే వస్తువు కాదది.

బ్యానరు కట్టి పోయినవాళ్ళు

అట్లా నెత్తిన పెట్టినవాళ్ళనూ చూశాను. వాళ్ళ మీద నా కోపం దొంగ కాపీలవాళ్ళ మీద కోపానికి ఏమాత్రం తక్కువ కాదు.

బంట్వారం వైపు ఒక బడికి పట్నం నుంచి కొందరు చదువుకున్న కుర్రాళ్ళు వచ్చారు. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమం అన్నారు. గేటుకు బ్యానరు కట్టారు. బడిలో ఉన్న కంప్యూటర్లన్నీ ఊడ్చి లినక్స్ ఎక్కించారు. పిల్లల చేత చప్పట్లు కొట్టించి, ఫోటోలు దిగి, పొద్దు వాలకముందే వ్యాన్ ఎక్కి పోయారు. టీచర్లు ఏళ్ళ తరబడి కూర్చుకున్న పాఠాల వీడియోలు ఆ ఊడుపులో పోయాయి. ఎవరూ అడగలేదు. కొత్తదాంట్లో ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో ఎవరికీ చెప్పలేదు.

నేను వేరే పని మీద అటు పోతే హెడ్మాస్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. గదికి తాళం. కంప్యూటర్ల మీద పాత చీరలు కప్పి ఉన్నాయి.

"తాళం తీస్తె ఏం చెయ్యాల్నో ఎవలకు తెల్వదు సార్. పిల్లలు అడుగుతరని గీ వరండాలకెళ్ళి నడుసుడే బంద్ చేసిన" అంది.

స్వేచ్ఛ పేరు చెప్పి ఊడ్చినా ఊడుపు ఊడుపే. సెలవు పెట్టుకుని కొన్ని దినాలు అక్కడే కూర్చున్నాను. ఇద్దరు టీచర్లకు నేర్పాక వాళ్ళే పిల్లలకు నేర్పారు. ఇప్పుడు ఆ గదికి తాళం లేదు. ఆ కుర్రాళ్ళు ఈ బడి ఫోటో ఇంకా ఎక్కడో చూపించుకుంటూనే ఉంటారు.

బాలమణి తెచ్చిన పెట్టె

నేను దుకాణం మానుకునే ముందటి మాట. పాత విండోస్‌కు ఇక అప్‌డేట్లు రావని ఇళ్ళలో కంప్యూటర్లు తెర నిండా హెచ్చరికలు చూపిస్తున్నాయి. కొత్త విండోస్ పాత పెట్టెల్లో ఎక్కదు. మా వ్యాపారానికి పండుగ వచ్చింది. బాగా పనిచేస్తున్న కంప్యూటర్లను జనం భయపడి మోసుకొస్తుంటే, "దీని పని అయిపోయింది, కొత్తది తీసుకోండి" అని ప్రతి దుకాణమూ పాడింది. అయిపోయింది కంపెనీ ఓపిక, పెట్టె కాదు. ఆ రెంటికీ ఉన్న తేడా చెప్పాల్సిన బాధ్యత మాదే. ఎవరూ చెప్పలేదు.

అప్పుడు వచ్చింది బాలమణి. వెనకాల తండ్రి, ఊపిరి కోసం మెడలో పెట్టిన రంధ్రం కనపడకుండా చుట్టూ తెల్లటి గుడ్డ. పెట్టె ఆన్ చేస్తే అది మొదలు కావడానికే ఒక టీ తాగి రావొచ్చు. లోపల వైరస్‌లు కాపురం పెట్టాయి.

సేటు ఒక్క చూపు చూసి, "పాత సామాను బిడ్డా. ఇడిసిపెట్టు. కొత్తది సూపిస్త" అన్నాడు.

"కొత్తది వద్దు సేటూ" అంది బాలమణి. "గిండ్ల మా నాయన ఉన్నడు."

సేటుకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. అప్పుడు చెప్పింది. ఆపరేషన్ అయితే మాట పోతుందని డాక్టరు ముందే చెప్పాడట. ఆ మాట విన్న ఎల్లయ్య ఇంటికి వచ్చి, కులదేవుడి కథ మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, కూర్చుని పాడాడట. పెళ్ళి వీడియోలు తీసే బంధువు ఒకడు కెమెరా పెట్టి తీశాడు. అంత నొప్పిలోనూ ఆయన దరువు తప్పలేదట. తీసినదంతా ఈ పెట్టెలోకి ఎక్కించి, తన కెమెరా కార్డులు వేరే పెళ్ళిళ్ళకు కావాలని ఆ బంధువు చెరిపేసుకున్నాడు. ఇప్పుడు బాలమణి ఆ వీడియోలు చూసి కథ నేర్చుకుంటోంది. వాళ్ళ పెద్దలు ఆడపిల్ల ఒగ్గు చెప్పడమేమిటని అభ్యంతరం పెడితే, ఎల్లయ్య లేచి తన డోలు తెచ్చి ఆమె ముందు పెట్టాడట. దాంతో వాళ్ళు ఊరుకున్నారు.

"సగం దాక వచ్చింది సారు. ఇంక సగం ఉన్నది. గిది ఆగిపోతె నేను యాడ నేర్సుకోవాలె?"

నేను డిస్కు ముట్టుకోలేదు. పెన్‌డ్రైవ్ పెట్టి లినక్స్ నడిపాను. ఆ డొక్కు పెట్టె చకచకా లేచింది. వీడియోలు అన్నీ ఉన్నాయి. ఒకటి నొక్కాను.

ఆ గొంతు దుకాణమంతా నిండింది. బండల లోడు కోసం సేడం నుంచి వచ్చిన కన్నడం మాట్లాడే డ్రైవరు ఒకాయన రోడ్డు మీద ఆగి, గడపలోకి వచ్చి నిలబడ్డాడు. సేటు గల్లా పెట్టె దగ్గర నుంచి లేచాడు. ఎల్లయ్య కుర్చీలో కూర్చుని తన గొంతు తను వింటూ మోకాలి మీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు. వీడియోలో ఆయన పాడుతుంటే, కుర్చీలో ఆయన పెదవులు అవే మాటలు పలుకుతున్నాయి. శబ్దం మాత్రం లేదు. నేను కళ్ళు తుడుచుకోవడానికి వెనక గదిలోకి పోయాను.

బాలమణిని అడిగాను. దీంతో ఇంకేం పని చేస్తావు? నాయన వీడియోలు చూడడం, ఊళ్ళోవాళ్ళకు ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టడం, ఇంతే అంది. ఆ రెండూ లినక్స్‌లోనే చేయించి చూపించాను. ఆమె స్వయంగా చేసి, "గిదే పెట్టు సారు" అన్న తర్వాతే ఎక్కించాను. ఎక్కించే ముందు వీడియోలన్నీ దుకాణంలోని పెద్ద డిస్కులోకి తీసి, బాలమణి నాయన అని పేరు పెట్టాను. ఎక్కించాక అన్నీ తిరిగి ఆమె పెట్టెలోనూ వేశాను. ఆమె పెన్‌డ్రైవ్‌లో సగం కథే పట్టింది. మిగతా సగానికి ఇంకోటి తెచ్చుకొమ్మన్నాను. తెస్తానంది. కానీ పెట్టె బాగా నడుస్తుంటే అంత దూరం నుంచి ఎవరు మాత్రం వస్తారు? దుకాణంలో కాపీ ఉంది కదా అని నేనూ నిశ్చింతగా పని మానుకుని ఇంటికి వచ్చాను.

మేలు చేసిన నర్సింలు

కొంతకాలానికి బాలమణి, ఎల్లయ్య వికారాబాద్‌లో మా ఇంటి ముందు ఆటో దిగారు. పెట్టెను గొంగడిలో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చింది. స్పీకర్ పలకడం లేదని మా పాత దుకాణానికే తీసుకుపోయిందట. స్పీకర్ బాగయింది. ఇంటికి వచ్చి చూస్తే నాయన లేడు.

ఆన్ చేశాను. విండోస్ వచ్చింది, దొంగది. సి ఉంది, డి ఉంది. డి నిండా సినిమాలు.

సుశీల వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి నా ముఖం చూసింది. పోయినవాటిని వెతికే సాధనాలు లినక్స్‌లో ఉన్నాయి. డిస్కు మూలమూలలా గాలించాను. ఊడ్చి ఊరుకుని ఉంటే చాలావరకు దొరికేది. ఊడ్చిన చోటు మీద సినిమాలు నింపారు. పాతదాని మీద కొత్తది రాస్తే కిందిది ఇక రాదు. దొరికినవి ముక్కలు. ఒకచోట నాలుగు దరువులు, ఒకచోట సగం మాట. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఆమె ఎప్పుడో నేర్చుకున్న సగం. నేర్చుకోవాల్సిన సగమే పోయింది.

అయినా నాకు ధైర్యమే. దుకాణం డిస్కులో మొత్తం ఉంది. వాళ్ళిద్దరినీ తీసుకుని తాండూరు రైలెక్కాను.

నా తర్వాత చేరిన నర్సింలు అక్కడ ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, చేతి పని చక్కగా వచ్చినవాడు. నన్ను చూసి మర్యాదగా లేచాడు. ఏం చేశావని అడిగాను.

"ఆన్ చేస్తె ఏదో పిచ్చి సిస్టం వచ్చింది సార్. పాపం, పల్లెటూరి పిల్లకు ఎవడో మోసం చేసి అంటగట్టిండు అనుకున్న. తీసేసి మంచిగ విండోస్ వేసిన. పైసలు గూడ స్పీకర్‌కే తీస్కున్న."

"ఆ మోసగాణ్ణి నేనే. లోపల ఏమున్నదో చూశావా?"

"సి లేదు, డి లేదు సార్. ఒక్క దానికి పేరు లేదు. డిల ఏమన్న ఉంటె ముట్టకపోదును. డిస్కు ఖాళీ అనుకున్న."

లినక్స్ సి, డి అని పేర్లు పెట్టదు. విండోస్ ఎక్కించేటప్పుడు దాని భాగాలు పేరు లేకుండా కనపడతాయి. డి కనపడకపోతే అందులో మనుషుల వస్తువులే లేవని నర్సింలు అనుకున్నాడు. ఆ అమ్మాయి ఎదురుగానే నిలబడి ఉందట. స్పీకర్ అయ్యేదాకా ఆగమని, ఆమెను బయట బల్ల మీద కూర్చోబెట్టాడు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

"ఆమెను అడిగినవా నర్సింలూ?"

"ఏం అడగాలె సార్? అందరికీ గట్లనే చేస్తం. ఖుషీ అయితదని కొత్త సినిమాలు గూడ వేసిన."

నేను కోపాన్ని దిగమింగుకుని పెద్ద డిస్కు తీయమన్నాను. బాలమణి నాయన అని రాసి ఉంటుంది, తీయి. నర్సింలు ముఖం మారింది.

"అది... పోయిన నెల ఖాళీ చేసిన సార్. సినిమాలకు జాగ సరిపోతలేదు. పేరు సూసిన గని, ఎవలదో పెండ్లి వీడియో అనుకున్న."

నేను అరిచాను. రోడ్డు మీద జనం ఆగేలా అరిచాను. దానికి సిగ్గుపడను. అప్పుడే మార్కెట్ నుంచి సేటు వచ్చాడు, చొక్కా మీద కంది పొట్టుతో.

"సేటూ, ఆ గొంతు నువ్వు విన్నవు. లేచి నిలబడి విన్నవు."

"విన్న విఠల్. కాదంటలేను." ఆయన గొంతు తగ్గింది. "గని మనోడు తప్పేం చెయ్యలె. ఫార్మాట్ అంటె ఎవడైన గంతే చేస్తడు. ఆ పిల్లకు కొత్త కంప్యూటర్ ఇస్త, ఊకెనే. తీస్కపొమ్మను."

బాలమణి కొత్త డబ్బాల వైపు చూడనైనా లేదు. "దాండ్ల మా నాయన ఉన్నడా సేటూ?" అంది.

ఎల్లయ్య ముందుకు వచ్చాడు. ఆయన చెయ్యి ఎత్తితే నర్సింలు వెనక్కి జరిగాడు. కొట్టడానికి కాదు. ఏదో అడుగుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, గుడ్డ వెనక గాలి బుసబుసమంటోంది. బాలమణి తండ్రి పెదవుల వైపు చూసి చెప్పింది.

"నా పాట మీద ఏం సినిమా వేసినవు అని అడుగుతుండు."

నర్సింలు తల దించుకున్నాడు. అతనికి గుర్తు కూడా లేదు.

పనిలోకి వచ్చేవాళ్ళకు

నర్సింలు దొంగ కాదు. సేటు దుర్మార్గుడు కాదు. బ్యానరు కట్టిన కుర్రాళ్ళు కూడా మంచి మనసుతోనే వచ్చి ఉంటారు. నా మంట అంతా అక్కడే. వీళ్ళందరూ మేలు చేశామనే అనుకున్నారు. ఎదుటివాడు పల్లెటూరివాడైతే, ఆడపిల్ల అయితే, వాళ్ళ పెట్టెలో విలువైనది ఏమీ ఉండదని మన వృత్తి ముందే తీర్మానించుకుంది. ఆఫీసరు కంప్యూటర్ వస్తే ఇదే మనుషులు "సార్, ఫైళ్ళు ఏమన్న ఉన్నయా" అని చేతులు కట్టుకుని అడుగుతారు. నేను కళ్ళారా చూశాను.

మీరు లినక్స్ పెడతారో విండోస్ పెడతారో నాకు పట్టింపు లేదు. పాత పెట్టెలను చెత్తలో వేయించకుండా లినక్స్ చూపించండి, అది మంచి పని. పెన్‌డ్రైవ్ మీద చూపించండి, వాళ్ళ చేత్తో వాళ్ళ పని చేయించి చూడండి. తెలియని సిస్టం కనపడితే అది పిచ్చిది అనుకోకండి, మీకు తెలియనిది అనుకోండి. కాపీ రెండుచోట్ల ఉండేదాకా ఆ మనిషిని గడప దాటనివ్వకండి. ముందుగా, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు, "ఇందులో ఏమున్నది?" అని అడగండి. దానికి కోర్సు అక్కర్లేదు.

పోయిన వారం కుల్కచర్ల దగ్గరి వాళ్ళ పల్లెకు పోయాను. మధ్యాహ్నం, గొర్రెలు ఇంకా తిరిగి రాలేదు. ఇంటి ముందు పందిరి కింద తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. పోయిన సగం కథను ఎల్లయ్య పెదవులతో చెబుతున్నాడు. బాలమణి ఆ పెదవుల్లో మాట పట్టుకుని పైకి అంటోంది. ఆమె తప్పుగా పట్టుకుంటే ఆయన నేల మీద తడతాడు, మళ్ళీ చెబుతాడు. అట్లా ఒక్కో చరణం పోగుచేస్తున్నారు. దరువు ఆయన డోలు మీద చూపిస్తున్నాడు. నాకు సంతోషమైంది. కథ బతికిందనుకున్నాను, ఆ మాటే పైకి అన్నాను.

"మాటలు దొరికినయి సారు" అంది బాలమణి. "రాగమే దొరకలె. ఇను."

ఆమె ఆ చరణం ఎత్తుకుని పాడింది. నా చెవికి ఎంతో బాగుంది. ఎల్లయ్య తల అడ్డంగా ఊపాడు. ఆమె కొంచెం మార్చి ఇంకో తీరుగా పాడింది. ఆయన మళ్ళీ తల ఊపాడు. ఇంకోసారి పాడింది. ఈసారి ఆయన నోరు తెరిచి, మెడ నరాలు తేలేలా బలంగా ఎత్తుకున్నాడు. గుడ్డ కింద నుంచి గాలి మాత్రం వచ్చింది. బాలమణి ఆయన ముఖంలోకి చూస్తూ అడిగింది.

"ఎట్ల నాయినా? మరి ఎట్ల?"